ఒంటిపూట గంట

ఒంటిపూట బడులు సోమవారం నుంచి మొదలని శుక్రవారం మధ్యాహ్నం కబురు వచ్చింది. స్టాఫ్ రూములో అందరి ప్రాణాలూ లేచి వచ్చాయి. మార్చి సగం దాటాక నర్సీపట్నంలో రేకుల గదుల్లో పిల్లల్ని కూర్చోబెట్టడమంటే కుంపటి పక్కన కూర్చోబెట్టడమే. ఆటల మాస్టారు సింగన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఇంక పన్నెండున్నరకల్లా ఇంటికాడ కంచం ముందరే" అన్నాడు. అందరూ నవ్వారు.

సోషల్ చెప్పే తాతాజీ నవ్వలేదు. అతని చూపు బీరువా పక్కన గోడకి బిగించి ఉన్న తెల్లటి ప్లాస్టిక్ పెట్టె మీదికి పోయింది.

కరెంటు మీటరంత పెట్టె అది. దాని నుంచి ఒక తీగ కిటికీ చువ్వల మధ్యనించి వరండాలోకి వెళ్లి, దూలానికి తగిలించిన కరెంటు గంటని చేరుతుంది. బళ్లో గంట కొట్టే గంగులు రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరినీ వేయలేదు. కొన్నాళ్లు పిల్లలే గంట కొట్టారు. లెక్కల పీరియడు ముప్పావుగంటకి ముందే అయిపోతోందనీ, ఆటల పీరియడు ఎంతకీ అవడం లేదనీ గొడవలొచ్చాయి. అప్పుడు తాతాజీ భార్య గౌతమి ఈ పెట్టె చేసి ఇచ్చింది. ఆమె ఊళ్లోనే ఒక ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ నేర్పేది. పెట్టె లోపల అరచేతిలో ఇమిడే బోర్డు, దాని మీద ఒక నల్లటి చిప్. ఏ వేళకి గంట మోగాలో ఆ చిప్‌లో ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు, మార్చిలో ఒంటిపూటకీ జూన్‌లో రెండుపూటలకీ, గౌతమి తన ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి, పెట్టెకి తీగ తగిలించి, వేళలు మార్చి వెళ్లిపోయేది. టీ చల్లారే లోపే అయిపోయేది ఆ పని.

కిందటి కార్తీకంలో జ్వరమని పడుకున్న గౌతమి విశాఖలో ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు. పెట్టె మాత్రం ఆమె చెప్పిన వేళలకి మోగుతూనే ఉంది.

హెడ్మాస్టరు నారాయణమూర్తి గారు తాతాజీని తన గదిలోకి పిలిచి, తలుపు దగ్గరకి వేశారు. ఆయన మాట మెత్తన.

"గంట సంగతి ఏం చేద్దాం తాతాజీ గారూ?"

"మారుస్తానండి."

"మీకు వచ్చా అది?"

"రాదండి."

నారాయణమూర్తి గారు కాసేపు బల్ల మీది పేపర్‌వెయిట్ తిప్పారు. "గంగులు కొట్టిన ఇనప కమ్మీ స్టోర్‌రూములో ఉంది. సోమవారానికి అది కట్టిస్తాను. కొత్త డిజిటల్ బెల్ ఇప్పిస్తానని ఒకాయన ఎప్పణ్ణుంచో అంటున్నాడు. మీరు కష్టపడవద్దు."

"సోమవారం దాకా ఆగండి సార్. పొద్దున్న గంట మోగకపోతే మీ ఇష్టం."

ఆయన తలూపారు.

వరండాలో సైన్సు మాస్టారు చిట్టిరాజు ఎదురొచ్చాడు. తాతాజీ కంటే పదిహేనేళ్లు చిన్నవాడు. తలుపు వెనక మాటలు విన్నట్టే ఉన్నాడు.

"మాస్టారూ, నేనొకటి సెప్తాను, ఏటనుకోవద్దు. అనకాపల్లిలో మా తమ్ముడి దగ్గిర కొత్త బోర్డుంది. అది తెచ్చి ఇందులో పెట్టేత్తాను. గంట మోగించే ప్రోగ్రాములు నెట్‌లో బోల్డున్నాయి. పెట్టి మేడం గారిదే, గంటా మేడం గారిదే. లోపల బోర్డొక్కటే మారుతాది."

"పాత బోర్డు?"

"మీరే ఉంచుకోండి. దాంతో పనేముంది మరి."

తాతాజీ ఆ మాటని మనసులో తిప్పి చూసుకున్నాడు. గౌతమి రాసిన ప్రోగ్రాం ఆ చిప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. ల్యాప్‌టాప్ ఐటీఐ వాళ్లది. ఆమె స్థానంలో వచ్చినాయన కోసం అందులో ఉన్నదంతా తుడిచి శుభ్రం చేసి ఇచ్చారు. అది వాళ్ల తప్పు కాదు, అడగాలని అప్పుడు ఇతనికీ తోచలేదు. ఇంట్లో ఆమె చీరలున్నాయి, కళ్లజోడుంది, చెప్పులున్నాయి. అవన్నీ ఉన్నచోట ఉన్నాయి. పని చేస్తున్నది ఈ చిప్ ఒక్కటే. దాన్ని పీకి కాయితంలో చుట్టి ఇస్తే అదీ చెప్పుల పక్కన చేరుతుంది.

"ముందు దీంతోనే చూద్దాం చిట్టిరాజుగారూ" అన్నాడు.

ఆ సాయంత్రం గౌతమి పనిముట్ల సంచీ మొదటిసారి తెరిచాడు. సోల్డరు తీగ చుట్ట, చిన్న స్క్రూడ్రైవర్లు, వాటి కింద వేలెడంత నీలం రంగు ముక్క దొరికాయి. కంప్యూటరుకీ చిప్‌కీ మధ్య మాట నడిపే ముక్క అదేనని అతనికి తెలుసు. ఆమె చేతిలో చాలాసార్లు చూశాడు.

శనివారం మూడో పీరియడు ఖాళీ. స్టాఫ్ రూములో బడి కంప్యూటరు ముందు కూర్చుని, ఆ ముక్కని తన ఫోను తీగతో తగిలించాడు. కంప్యూటరు ఉలుకూ పలుకూ లేదు. చిట్టిరాజు వచ్చి తీగని వేళ్లతో నలిపి చూశాడు.

"ఇది ఉత్త ఛార్జింగు తీగ మాస్టారూ. ఇందులో కరెంటెళ్లే దారే ఉంటాది గానీ మాటెళ్లే దారుండదు. ఉండండి, నా ప్రింటరు తీగ ఇస్తాను."

తీగ మార్చాక కంప్యూటరు టింగుమంది. తెర మీద కొత్త పోర్టు పేరు వచ్చింది. నీలం ముక్కకి నాలుగు కాళ్లు, పెట్టె అడుగున నాలుగు కాళ్లు. తాతాజీ అక్షరాలు చూసుకుంటూ ఇటు టిఎక్స్‌ని అటు టిఎక్స్‌కీ, ఇటు ఆర్‌ఎక్స్‌ని అటు ఆర్‌ఎక్స్‌కీ కలిపాడు. తెర నల్లగానే ఉండిపోయింది.

చిట్టిరాజు వంగి చూసి నవ్వాడు. "టిఎక్స్ అంటే నోరు, ఆర్‌ఎక్స్ అంటే చెవి. నోటికి నోరూ చెవికి చెవీ కలిపేరు. ఇద్దరూ మాటాడీవోళ్లే, ఇనీవోళ్లు నేరు. మా ఇంట్లో రోజూ జరిగీదిదే."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. తాతాజీ రెండు తీగల్నీ పీకి అటుదిటూ ఇటుదటూ మార్చాడు.

పెట్టెని ఒకసారి ఆపి మళ్లీ వేశారు. తెర మీద ఒక వరసలో ఏవో గుర్తులు వచ్చి ఆగాయి. ఖాళీ గళ్లు, ప్రశ్నార్థకాలు, నెత్తిన చుక్కలున్న అక్షరాలు. మళ్లీ ఆపి వేస్తే మళ్లీ అలాంటివే.

"మాటాడతన్నాది మాస్టారూ" అన్నాడు చిట్టిరాజు మెల్లిగా. "మనకే తెలవట్లేదు. స్పీడు కలవకపోతే ఇలగే వస్తాది. డిక్టేషన్ సెప్పీవోడొక స్పీడు, రాసీవోడొక స్పీడయితే పలక మీద ఏటుంటాది? అదే ఇది. ఎంత పెట్టేరు?"

తాతాజీ పెట్టె మూత తిప్పి చూపించాడు. మూత లోపలివైపు చిన్న కాయితం అతికించి ఉంది. దాని మీద గౌతమి చేతిరాత. గుండ్రంగా, ఒక్కొక్క అంకె విడివిడిగా.

వేగం 9600
మోత 5 సెకన్లు

"నేనూ అదే పెట్టేను" అన్నాడు.

"అయితే అది కలవాలి. కొత్త బోర్డులన్నీ ఇంకా జోరుగా ఉంటాయి, చూద్దాం." చిట్టిరాజు తెర మీది వరసలోంచి పెద్ద అంకె ఒకటి ఎంచుకున్నాడు. ఈసారి రెండే గళ్లు వచ్చాయి. ఇంకో పెద్ద అంకె నొక్కాడు. అదీ అంతే. అతని చెయ్యి వరసలో కిందికి దిగబోతుంటే తాతాజీ అన్నాడు.

"చాలండి."

"వరసాగ్గా అన్నీ చూసేద్దామండి. ఎన్నో లేవు."

"ఆమె రాసిన అంకె అది. తను చూసుకోకుండా రాయదు. తప్పు ఇంకెక్కడో ఉంది."

గొంతు పెరగలేదు. అయినా చిట్టిరాజు చెయ్యి మౌస్ మీంచి తీసేశాడు.

తర్వాత వాళ్లు అంకె తప్ప అన్నీ వెతికారు. గ్రౌండు తీగ సరిగా కలవలేదేమోనని గీకి మళ్లీ కలిపారు. నీలం ముక్క పాడయిందేమోనని దాని నోటిని దాని చెవికే తగిలించి, ఇటు కొట్టిన అక్షరం అటు వస్తోందో లేదో చూశారు. వచ్చింది. ముక్క బాగానే ఉంది. బోర్డు మీద ఒక్కొక్కటీ చిట్టిరాజు వేలితో చూపించాడు. గడియారం కోసం వేరే చిన్న చిప్ ఉంది, దాని కింద బిళ్లంత బ్యాటరీ. "టైము దీన్దగ్గిర ఉంటాది. అందుకే కరెంటు పోయినా గంట టైము తప్పదు. పెద్ద చిప్ దీన్ని అడిగి తెలుసుకుంటాది." పెద్ద చిప్ పక్కన గోళీమాత్రంత వెండిరంగు తగరపు డబ్బీ ఒకటుంది. "ఇది దానికి భజనలో తాళం లాగ. ఇది కొట్టిన దెబ్బల లెక్కనే పెద్ద చిప్ పనంతా నడుస్తాది. ఇది పాడైతే అసలు లేవదు. లేస్తందిగా, అంటే బాగున్నట్టే."

అప్పుడే పీరియడు అయిపోయి వరండాలో గంట మోగింది. మోగి, మోగి, ఆగింది. సింగన్న గ్రౌండులోంచి వస్తూ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈ గంట మొదలయ్యాక మైదానం అటేపునించి ఇటొచ్చీసినా ఇంకా మోగుతానే ఉంటాది. తుని స్టేషన్లో గూడ్స్ బండి నయం." అని, పెట్టె విప్పి ఉండటం చూసి గొంతు దించాడు. "మేడం గారితో ఓపాలి అన్నాను ఈ మాట. పిడుగు పడి పెట్టి మాడితే బాగుచేసిన రోజుల్లో. నవ్వేసి, దీనికిప్పుడు అన్నీ నిదానమే అన్నయ్యగారూ, కొన్నాళ్లు ఓర్చుకోండి అన్నారు."

తాతాజీ పెట్టె మూత బిగించాడు.

ఇంటికి వెళ్లే ముందు చిట్టిరాజు చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "రేపు నేనుండను మాస్టారూ. ఉపమాకలో మొక్కుంది, ఇంటిల్లిపాదీ ఎల్తన్నాం. వస్తా వస్తా తమ్ముడి దగ్గిర బోర్డు తెచ్చుకుంటాను. సోమవారం బేగి వచ్చేస్తాను. మీరు అవునంటేనే ఏస్తాను."

"అలాగేనండి" అన్నాడు తాతాజీ.

ఇంట్లో వరలక్ష్మమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆవిడ గౌతమికి తల్లి, తాతాజీకి మేనత్త. కర్మకాండలకి వచ్చి, మళ్లీ తన ఊరు వెళ్లే మాట ఆవిడా ఎత్తలేదు, ఇతనూ ఎత్తలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ ఒకే పేరు పలక్కుండా నాలుగు నెలలు గడిపారు.

"పెట్టి పలికిందేటి నాయనా?"

"పలుకుతోంది అత్తా. ఏమంటోందో తెలియడం లేదు."

"నీ పక్కనున్న చిట్టిరాజుకీ తెలీలేదేటి?"

"కొత్తది పెట్టేద్దామంటున్నాడు."

వరలక్ష్మమ్మ చేతులు ఆగాయి. గింజ ఒకటి వేళ్ల మధ్య పట్టుకుని ఉండిపోయింది.

"కొత్తదెందుకు. పిడుగు పడి మాడిపోతేనే పారేయలేదు కదా అది. నేనప్పుడు సూడ్డానికొచ్చి ఉన్నాను, ఇక్కడే, ఈ అరుగు మీదే కూకుంది. ఆ జీడిపిక్కల కరెంటు కాటా నేదూ, కొట్టు రాజులమ్మ పాడైపోనాదని పడేసింది, దాన్ని ఇప్పేసి అందులోంచి తగరపు ముక్క పీకింది. ఏటే అది, కాటా ముక్క గంటకెలగ సరిపోద్ది అన్నాను. సరైంది కాదమ్మా, ఇశాపట్నం ఎల్లినప్పుడు సరైంది తెస్తాను, అందాకా ఇది నెట్టుకొస్తాది అంది." మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది. "ఇశాపట్నం ఎల్లింది. ముక్క తెచ్చీ పనిమీద కాదు."

తాతాజీ చెప్పులు విప్పడం మధ్యలో ఆపేశాడు. "తగరపు ముక్కా? వెండిరంగుదా?"

"ఆఁ. ఇంతే ఉంది. మాత్ర బిళ్లలాగ."

అతను రెండో చెప్పు విప్పి లోపలికి వచ్చాడు. ఆవిడ అన్నం పెట్టింది, తిన్నాడు. కంచంలో ఏం ఉందో ఇద్దరూ చూసుకోలేదు.

ఆదివారం పొద్దున్నే హెడ్మాస్టరు ఇంటికి వెళ్లి తాళాలు తెచ్చుకున్నాడు. బలిఘట్టం గుడి వైపు పోయే ఆటోల్లో తలంటుకున్న ఆడవాళ్లు పూలబుట్టలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. బడి గేటు తీస్తే కిర్రుమంది. ఖాళీ బడి పెద్దగా కనిపించింది.

పెట్టె మూత తీసి వెలుగు పడేలా కిటికీ రెక్క బార్లా తెరిచాడు. గౌతమి సంచీలోని భూతద్దంతో తగరపు ముక్క మీద చూశాడు. నున్నటి లోహం మీద సన్నటి అంకెలు. 8.000. చిట్టిరాజు రాత్రి ఫోనుకి పంపిన బొమ్మ తెరిచాడు. కొత్త బోర్డు ఇలా ఉంటుందని పంపిన బొమ్మ అది. అందులోనూ అలాంటి ముక్కే ఉంది. దాని మీద 16.000 అని ఉంది.

పదహారు ఉండవలసిన చోట ఎనిమిది. దాని అర్థం ఏమిటో అతనికి వెంటనే తట్టలేదు. కుర్చీలో కూర్చుని మూత ఒళ్లో పెట్టుకున్నాడు. నిన్నంతా పైవరసే చూశారు. ఇప్పుడు కింది వరస చదివాడు.

మోత 5 సెకన్లు.

పెట్టె లోపల ఎర్రటి చిన్న మీట ఉంది. అది నొక్కితే గంట ఒకసారి మోగుతుంది. పని సరిగా అయిందో లేదో చూసుకోవడానికి ఆమె పెట్టుకున్నది. తాతాజీ చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టుకుని మీట నొక్కాడు. ఖాళీ గదుల్లోకి గంట మోత వెళ్లి గోడలకి కొట్టుకుని తిరిగొచ్చింది. సెకన్ల ముల్లు కదులుతోంది. అయిదు దాటింది. గంట ఆగలేదు. పది దగ్గర ఆగింది.

మళ్లీ నొక్కాడు. మళ్లీ పది.

ఈ పొడుగు మోతని అతను పిడుగు పడిననాటి నుంచి వింటూనే ఉన్నాడు. దీని కింద చాక్‌పీసులు సర్దుకున్నాడు, పుస్తకం మూశాడు, ఒక గది నుంచి ఇంకో గదికి నడిచాడు. కార్తీకం తర్వాత అయితే, అది మోగినంతసేపూ నడక ఆపేసి వరండాలో నిలబడటం అలవాటయింది. ఎంతసేపు మోగుతోందో ఎప్పుడూ కొలవలేదు.

గౌతమి చిప్‌కి అయిదు సెకన్లు మోగించమని చెప్పింది. చిప్ అయిదే లెక్కపెడుతోంది. అబద్ధం ఆడటం లేదు. దానికి తాళం వేసే ముక్క సగం జోరుతో కొడుతోంది కాబట్టి, దాని ఒక్క సెకను గడిచేసరికి బయట రెండు గడుస్తున్నాయి. పిడుగుకి ముందు ఈ కాయితం అతికించినప్పుడు రెండు అంకెలూ సరైనవే. ఆ తర్వాత కాటాలోంచి ముక్క తెచ్చి పెట్టింది. సరైనది తెచ్చేదాకా నాలుగు రోజులే కదా అని కాయితం మార్చలేదు. మార్చక్కర్లేదు. ఆమెకి తెలుసు. దీనికిప్పుడు అన్నీ నిదానమే అని సింగన్నతో అన్నది కూడా.

అన్నీ. మోత ఒక్కటే కాదు.

తాతాజీ కంప్యూటరు ముందుకు కుర్చీ జరుపుకున్నాడు. తీగలు నిన్నటిలాగే కలిపాడు. తెర మీద వేగం అని ఉన్నచోట 9600 ఉంది. దాన్ని నొక్కితే వరస తెరుచుకుంది. పైకి ఒక అంకె, కిందికి ఇంకో అంకె. నిన్న చిట్టిరాజు చెయ్యి ఎక్కడికి దిగబోతే తను వద్దన్నాడో సరిగ్గా అక్కడే, ఆ అంకెలో సగం, 4800 అని ఉంది.

అతని వేలు కాసేపు ఆగింది. ఆమె రాసింది అది కాదు. కానీ ఆమె చెప్పింది తప్పనీ కాదు. నొక్కాడు.

పెట్టెని ఆపి వేశాడు. తెర మీద అక్షరాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు.

నమస్కారం.
టైము 10.20.
ఇప్పుడు రెండుపూటలు నడుస్తోంది.
ఒంటిపూట కావాలంటే 1 కొట్టండి.
రెండుపూటలు కావాలంటే 2 కొట్టండి.

తాతాజీ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఆమె ఇన్నేళ్లూ వచ్చి చేసి వెళ్లిన పని ఇంతే. ఒక అంకె కొట్టడం. ఈ మాటలు తన కోసం రాసుకున్నవి కావు. తనకైతే ఇన్ని మాటలు అక్కర్లేదు. కంప్యూటరు అంటే బెదిరే మనిషెవరో వచ్చి ఇక్కడ కూర్చుంటారని, వాళ్లకి తెలిసేలా, మర్యాదగా, వరసలో రాసి పెట్టింది.

ఒకటి కొట్టాడు.

ఒంటిపూట. సరే అయితే మళ్లీ 1 కొట్టండి.

కొట్టాడు. పెట్టె లోపల చిన్నగా టక్కుమంది.

అయింది. ఇక తీగ తీసేయవచ్చు.

అతను తీగ తీయలేదు. ఇంకో వరస వస్తుందేమోనని చూశాడు. తెర అడుగున గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. కిటికీలోంచి ఎండ జరిగి బల్ల మీదికి వచ్చింది. ఇంకేమీ రాలేదు. రావలసినదేమీ మిగిలి లేదు. ఆమె రాసినదంతా అతను చదివేశాడు.

తీగ తీశాడు. మూత బిగించే ముందు జేబులోంచి పెన్ను తీసి, ఆమె రాసిన కాయితం మీద పై అంకెని కొట్టేయకుండా, దాని పక్కన చిన్నగా రాశాడు: ప్రస్తుతానికి 4800. అయిదు సెకన్ల పక్కన: ప్రస్తుతానికి 10. పిల్లల జవాబు పత్రాల మీద తప్ప ఇంకొకరి రాత పక్కన అతనెప్పుడూ రాసి ఎరగడు. తన అక్షరాలు ఆమె అక్షరాల పక్కన వంకరగా కనిపించాయి. సిరా ఆరేదాకా ఊదాడు.

సోమవారం ఏడున్నరకి నారాయణమూర్తి గారు వరండాలో నిలబడి ఉన్నారు. ఇనప కమ్మీ స్టోర్‌రూములోంచి తెచ్చి గుమ్మం దగ్గర ఆనించి ఉంది. చిట్టిరాజు మోటారుసైకిలు దిగుతూనే జేబు తడుముకున్నాడు. నుదుట ఉపమాక కుంకం ఇంకా ఉంది.

ఏడూ నలభై అయిదుకి గంట మోగింది. గ్రౌండులో ఉన్న పిల్లలు వరసల్లోకి పరిగెత్తారు. వరసలు కుదురుకున్నాయి. గంట మోగుతూనే ఉండి, ఆగింది.

నారాయణమూర్తి గారు కమ్మీ వైపు చెయ్యి ఊపారు, లోపల పెట్టేయమన్నట్టు. తాతాజీ భుజం మీద ఒకసారి చెయ్యి వేసి ప్రార్థనకి వెళ్లిపోయారు.

ఇంటర్వెల్లో తాతాజీ జరిగింది చెప్పాడు. చిట్టిరాజు మూత విప్పి, కాయితం మీది రెండు చేతిరాతలూ చదివాడు. "శనివారం ఇంకొక్క అంకె కిందికి దిగుంటే అప్పుడే దొరికీసేది" అన్నాడు. అని, "మీరే ఆపేరు గానీ" అని నవ్వాడు. ఈసారి తాతాజీ కూడా కొంచెం నవ్వాడు.

"ఆపేను."

"పోన్లెండి. ఇప్పుడు సులువే. ఈ బోర్డు మీద పదారుది ఉంది కదా, పీకి అందులో ఏసేస్తాను. అయిదు నిమిషాల పని. మోతా సరైపోతాది, స్పీడూ సరైపోతాది. ఏసీమంటారా?"

తాతాజీ అతని అరచేతిలోని కొత్త బోర్డుని చూశాడు. దాని మీద తగరపు ముక్క మెరుస్తోంది. గౌతమి విశాఖ నుంచి తెస్తానన్నది ఇదే.

"జూన్‌లో వేద్దాం" అన్నాడు. "రెండుపూటలు మార్చేటప్పుడు."

"అందాకా సింగన్న మాస్టారు సాధిస్తారు మరి."

"సాధించనివ్వండి."

పన్నెండున్నరకి చివరి గంట మోగింది. గంట మొదలవగానే పిల్లలు సంచులు నెత్తిన పెట్టుకుని గేటు వైపు పరుగెత్తారు. సగం మంది గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లిపోయారు. సింగన్న చెట్టు నీడన నిలబడి వాళ్లని చూస్తూ, చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. గంట ఆగేదాకా తాతాజీ వరండాలో నిలబడ్డాడు.

ఇంటికి వెళ్లేసరికి పీట వాల్చి ఉంది. కంచంలో అన్నం పొగలు కక్కుతోంది. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. ఒంటిపూట ఇవాళే మొదలని ఎవరూ ఆవిడకి చెప్పలేదు. పెట్టె సంగతీ నిన్న చెప్పలేదు. చెప్పాలని అనుకుంటూనే సాయంత్రం దాటిపోయింది.

"రోజూ సాయంత్రం కదత్తా వచ్చేది. ఇవాళ ఇప్పుడే వస్తానని ఎలా తెలిసింది?"

"పొద్దున్నే గంట ఇనబడ్డాదిగా, ఒంటిపూటేనని తెలిసిపోనాది." వరలక్ష్మమ్మ పప్పుగిన్నె దించింది. "ఇంతసేపు మోగితే ఈదంతా ఇనబడతాది. పన్నెండున్నరది మోగడం మొదలెట్టినప్పుడే అన్నం వార్చీసేను." గరిటె అందుకుంటూ అడిగింది. "పొడుగ్గానే ఉంది. సరైన ముక్క ఏసీలేదేటి?"

"ఇంకా లేదత్తా."

ఆవిడ గరిటె పట్టుకుని అతని మొహం చూసింది. కార్తీకం తర్వాత మొదటిసారి ఆ పేరు పలికింది.

"గౌతమి నవ్వుద్ది" అంది. "కాళ్లు కడుక్కుని రా. సల్లారిపోతంది."